కింద షాపులు, పైన పెద్దోళ్ళు: ఒకే బిల్డింగుకి రెండు గడియారాలు

ఒక బిల్డింగు ఊహించుకోండి. ఒడిశా బరంపురంలో మెయిన్ రోడ్డు మీద తాతల నాటి స్థలం, పిల్లలేమో ఒకరు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో, ఊళ్ళో మిగిలిన పెద్దోళ్ళకి ఒక తోడు కావాలి, అలాంటి తోడు కావాల్సినోళ్ళు చుట్టుపక్కల వీధుల్లో ఇంకా ఉన్నారు. కింద రెండు ఫ్లోర్లు పట్టుచీరల షాపుకీ బ్యాంకుకీ ఒక టిఫిన్ హోటలుకీ ఇచ్చి, ఆ అద్దెతో పైన మూడు ఫ్లోర్లలో 40 రూములు పెట్టి పెద్దోళ్ళ హోమ్ నడుపుదాం అనే ఆలోచన ఎవరికైనా వస్తుంది, మంచి ఆలోచనే. పర్లాకిమిడిలో అయినా రాయగడలో అయినా జయపురంలో అయినా ఇదే లెక్క పనికొస్తుంది.

ఇబ్బంది ఎక్కడంటే, ప్లాను గీయించేది పిల్లర్ల కోసం, రూముల కొలతల కోసం, వాస్తు కోసం. కరెంటు, నీళ్ళు, వేడినీళ్ళు, ఏసీ, గాలి, లిఫ్టు, ఫైరు, వీటన్నిటినీ కలిపి ఇంజినీర్లు ఎం అండ్ ఇ అంటారు, అంటే మెకానికల్, ఎలక్ట్రికల్, ఆ పని మాత్రం సెంట్రింగ్ కొట్టి ఐరన్ కట్టే రోజు పొద్దున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఇక్కడ ఫ్యాను, అక్కడ ఏసీ అని చేత్తో చూపించడంతో అయిపోతుంది. సొంత ఇంటికి అది సరిపోతుందేమో. షాపింగ్ కాంప్లెక్సుకి కూడా ఎలాగోలా నడుస్తుంది, ఎందుకంటే అక్కడ కరెంటు పోతే షట్టరు దించి ఇంటికి పోవచ్చు. పైన మంచం మీద ఉన్న 82 ఏళ్ళ మనిషికి దించడానికి షట్టరు లేదు, పోవడానికి ఇంకో ఇల్లు లేదు. కాబట్టి ఇలాంటి బిల్డింగుకి డిజైన్ మొదలవ్వాల్సింది ఒకే ప్రశ్న దగ్గర: రాత్రి 2 గంటలకి కరెంటు పోతే పైన ఏమవుతుంది?

రెండు గడియారాలు అన్నది ఇందుకే. షాపుకి పొద్దున్న పదింటికి తెల్లారుతుంది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా లైట్లన్నీ, ఏసీలన్నీ, డిస్‌ప్లేలన్నీ ఒకేసారి, పదికల్లా చీకటి. పైన నాలుగున్నర, అయిదుకే తెల్లారుతుంది, ఒకరి తర్వాత ఒకరు గీజరు వేస్తారు, మధ్యాహ్నం పెద్దగా లోడు ఉండదు, రాత్రయితే మళ్ళీ ఫ్యాన్లు, ఏసీలు, ఎవరికో ఎయిర్ బెడ్డు పంపు, ఎవరికో ఆక్సిజన్ కాన్సెంట్రేటరు, ఇన్సులిన్ పెట్టిన ఫ్రిజ్జు, ఇవి తెల్లవార్లూ నడుస్తూనే ఉంటాయి. షాపు లోడు ఎక్కువే గానీ రాత్రి సున్నా దగ్గరికి పోతుంది, హోమ్ లోడు తక్కువే గానీ ఏనాడూ సున్నా అవ్వదు.

ఈ తేడా తెలిస్తే డబ్బులు కూడా మిగుల్తాయి. ఉదాహరణకి షాపుల పీక్ సాయంత్రం 80 కిలోవాట్లు, ఆ టైముకి పైన 30 అనుకుందాం, పైన పీక్ తెల్లవారుజామున 60, అప్పుడు షాపుల్లో 5. రెండు పీకులు కూడేస్తే 140 అవుతుంది, చాలామంది చేసేది అదే. నిజానికి ఒకేసారి వచ్చే గరిష్ఠం సాయంత్రం 110 మాత్రమే. పవర్ ఫ్యాక్టర్, అంటే లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే భాగం, 0.95 దగ్గర పెట్టగలిగితే ట్రాన్స్‌ఫార్మరు మోయాల్సింది 116 కెవిఎ, రేపటి అవసరాలకి పావు వంతు కలిపినా 160 కెవిఎ ట్రాన్స్‌ఫార్మరు చాలు, లేకపోతే 200 కెవిఎది కొని, వాడని డిమాండుకి నెలనెలా చార్జీ కడుతూ ఉండాలి. ఇంజినీర్లు దీన్ని డైవర్సిటీ అంటారు. మీటర్లు మాత్రం కిందవి కిందే, పైవి పైనే విడిగా ఉండాలి, షాపు టారిఫ్ వేరు, ఉండే రూముల టారిఫ్ వేరు, అన్నీ ఒక మీటరు కింద కలిపేస్తే మొత్తం కమర్షియల్ కింద పడే ప్రమాదం ఉంది. దక్షిణ ఒడిశాలో 2021 జనవరి నుంచి సప్లై టాటా పవర్ వాళ్ళ టిపిఎస్‌ఓడిఎల్ చూస్తోంది, ఆఫీసు బరంపురంలోనే, అప్లికేషను పెట్టే ముందే హోమ్ ఏ కేటగిరీలోకి వస్తుందో అక్కడ రాతలో తేల్చుకోవడం మంచిది.

ఇప్పుడు వేడినీళ్ళు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పెద్దోళ్ళ బిల్డింగులో కరెంటు లోడునీ, ప్రాణభద్రతనీ రెండింటినీ ఒకేసారి పట్టుకునేది ఇదే. రూముకో 2 కిలోవాట్ల గీజరు పెడితే 40 రూములకి 80 కిలోవాట్లు, అందరూ ఒకేసారి వెయ్యరు అనుకున్నా కార్తీకమాసంలో తెల్లవారుజాము స్నానాల టైముకి అరవై శాతం ఆన్‌లో ఉన్నట్టే లెక్కేసుకోవాలి, అంటే 48. పైన చెప్పిన 60 కిలోవాట్ల పీకులో ఎక్కువ భాగం ఇదే అన్నమాట. ఇలా కాకుండా ఒకచోట వేడి చేసి పైపుల్లో పంపితే? 50 మందికి మనిషికి 40 లీటర్ల లెక్కన రోజుకి 2000 లీటర్లు, 27 డిగ్రీల నీళ్ళని 60కి తేవాలంటే సుమారు 77 యూనిట్లు కాలాలి. అదే పని హీట్ పంపు చేస్తే, గాల్లో ఉన్న వేడిని లాగి నీళ్ళలో పెడుతుంది కాబట్టి, సుమారు 26 యూనిట్లతో అయిపోతుంది. పైగా దాన్ని తెల్లవారుజామునే నడపక్కర్లేదు, మధ్యాహ్నం గాలి వేడిగా ఉన్నప్పుడు, పైకప్పు సోలారు ఇస్తున్నప్పుడు నడిపి ట్యాంకులో దాచుకోవచ్చు, మన తీరం గాలి హీట్ పంపుకి చాలా అనుకూలం. కోరాపుట్ కొండల మీద చలికాలంలో నీళ్ళు 15 డిగ్రీలకి దిగితే అదే 2000 లీటర్లకి 105 యూనిట్ల వేడి కావాలి, అక్కడ సైజు వేరే లెక్కెయ్యాలి, బరంపురం డ్రాయింగు తీసుకెళ్ళి పెట్టేస్తే కుదరదు. ఇంకోటి, 2000 లీటర్ల ట్యాంకంటే 2 టన్నుల బరువు, అది పైన పెడతారని స్లాబ్ డిజైన్ చేసే ఇంజినీరుకి ముందే తెలియాలి.

మరి 60 డిగ్రీలు ఎందుకు, 45 చాలదా అని అడుగుతారు. గోరువెచ్చగా, అంటే 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవ ఉన్న నీళ్ళలో లెజియొనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది, షవరు తుంపరతో ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా తెప్పిస్తుంది, ముసలితనంలో అది ప్రాణం మీదికి వస్తుంది. అందుకే నిలవ ఉంచేది 60లో. కానీ 60 డిగ్రీల నీళ్ళు నేరుగా ఒంటి మీద పడితే 5 సెకన్లలో లోతుగా కాలుతుంది, ముసలాళ్ళ చర్మం పల్చన, షుగరున్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గిపోయి వేడి తెలియదు, చెయ్యి లాగడానికి కూడా టైము పడుతుంది. కాబట్టి నిలవ 60లో, ట్యాపు దగ్గర 43కి మించకుండా. ఈ రెంటికీ మధ్య ఉండేది థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వు, వేడినీళ్ళలో చల్లనీళ్ళు కలిపి వేడి పెరగకుండా చూస్తుంది, చల్లనీళ్ళు ఆగిపోతే వేడినీళ్ళు కూడా తనే ఆపేస్తుంది. ఎస్టిమేటులో ఖర్చు తగ్గించమంటే మొదట కొట్టేసేది దీన్నే, అస్సలు కొట్టెయ్యకూడనిది కూడా ఇదే. దీంతోపాటు వేడినీళ్ళ పైపుకి తిరుగు లైను వేసి చిన్న పంపు పెట్టాలి, లేకపోతే చివరి రూములో పది నిమిషాలు చల్లనీళ్ళు వదిలితే గానీ వేడి రాదు, అంతసేపు తడి నేల మీద నిలబడితే జారిపడే అవకాశం ఎంతుందో వేరే చెప్పాలా.

మళ్ళీ ఆ రాత్రి 2 గంటల దగ్గరికి వద్దాం. కరెంటు పోయాక ఏది ఎంతసేపు ఆగొచ్చు అని ప్రతి పాయింటునీ అడిగి మూడు గంపల్లో వేసుకోవాలి. ఒక్క క్షణం కూడా ఆగకూడనివి ఉంటాయి: ఫైర్ అలారం ప్యానెలు, రూములో పిలుపు బెల్లు, కారిడారు లైట్లు, ఆక్సిజన్ మెషిన్లు. పది పదిహేను సెకన్లు ఆగితే ఫరవాలేనివి లిఫ్టు, నీళ్ళ మోటారు, వంటగది లైట్లు, జనరేటరు తనంతట తను స్టార్టయి లోడు తీసుకునేసరికి అంత టైము పడుతుంది. మూడోది కరెంటు వచ్చేదాకా ఆగగలిగేవి, ఏసీ, గీజరు, టీవీ. మొదటి గంప బ్యాటరీ మీద ఉండాలి, రూములో ఒక ఫ్యానూ ఒక చిన్న లైటూ కూడా అందులోనే వెయ్యడం మేలు, ఎందుకంటే మే నెల రాత్రి ఉక్కకి నిద్రలేచి చీకట్లో తలుపు తీసుకుని బయటికి నడిచేవాళ్ళే పడతారు.

అదేం పెద్ద బ్యాటరీ కూడా కాదు. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది, ఇప్పటి బిఎల్‌డిసి ఫ్యాను 30తో తిరుగుతుంది. ఫ్యానుకి 30 వాట్లు, లైటుకి 10, అలా 40 రూములకి 1.6 కిలోవాట్లు, కారిడార్లకి అర కిలోవాటు, పిలుపు బెల్లులు, కెమెరాలు, ఇంటర్నెట్, మందుల ఫ్రిజ్జు కలిపి ఇంకో అర, 350 వాట్ల ఆక్సిజన్ కాన్సెంట్రేటర్లు నాలుగు ఒకేసారి నడిచినా 1.4, అంతా 4 కిలోవాట్లు. 4 గంటలకి 16 యూనిట్లు, బ్యాటరీని పూర్తిగా ఖాళీ చెయ్యకూడదు కాబట్టి 20 యూనిట్ల బ్యాటరీ. అదే పాత ఫ్యాన్లయితే ఫ్యాన్లకే 3 కిలోవాట్లు పోయేది. ఇక్కడ ఫ్యాను మార్చడం కూడా బ్యాకప్ డిజైనులో భాగమే, కరెంటు బిల్లు కోసం మాత్రమే కాదు.

జనరేటరు దగ్గర అందరూ చేసే పొరపాటు ఒకటుంది, షాపులకీ హోముకీ కలిపి ఒకే పెద్ద సెట్టు కొంటారు, 160 కెవిఎది. పగలు బాగానే ఉంటుంది. రాత్రి షాపులు మూసేశాక పైన అత్యవసర లోడు 12 కిలోవాట్లే, అంత పెద్ద ఇంజను మీద అది పదో వంతు కూడా కాదు. డీజిల్ ఇంజను ముప్పై శాతం లోడు కూడా లేకుండా గంటల తరబడి తిరిగితే డీజిలు సరిగ్గా కాలదు, మసి, కాలని నూనె సైలెన్సర్లో పేరుకుంటుంది, ఇంజను పాడవుతుంది, డీజిలు దండగ. అందుకని షాపులకి వాళ్ళ సెట్టు, పైన హోముకి విడిగా 25 కెవిఎ సెట్టు, అది 20 కిలోవాట్లు ఇస్తుంది, 12 లోడంటే అరవై శాతం, ఇంజనుకి హాయి. రెండింటి మధ్య లోడుని ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చే ఛేంజోవర్ స్విచ్చు పెడితే చిన్నది మొరాయించిన రాత్రి పెద్దది ఆదుకుంటుంది.

డీజిలు ఎంత నిలవ ఉంచాలి అన్నదానికి ఈ జిల్లాల్లో జవాబు తుఫాను చెప్తుంది. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, గంటకి 200 కిలోమీటర్ల గాలి, ఒడిశాలో దగ్గర దగ్గర 10 లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి గానీ గంజాం జిల్లాలో స్తంభాలు, లైన్లు పడిపోయి చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని వరదతో, కొండచరియలతో దెబ్బతీసింది. అలాంటప్పుడు బంకులు కూడా పనిచెయ్యవు, రోడ్డు మీద చెట్లు పడి ట్యాంకరు రాదు. 12 కిలోవాట్లు రోజంతా అంటే 288 యూనిట్లు, చిన్న సెట్టు లీటరుకి 3 యూనిట్లిస్తుందనుకుంటే రోజుకి 96 లీటర్లు, మూడు రోజులకి దాదాపు 290 లీటర్లు. దసరా ముందే ట్యాంకు నిండుగా ఉందో లేదో చూసుకోవాలి, ఇక్కడ పెద్ద తుఫాన్లు అక్టోబర్లోనే వచ్చాయి. సెట్టూ, మెయిన్ ప్యానెలూ, ఫైర్ పంపూ సెల్లారులో పెట్టారంటే ఈ లెక్కంతా నీళ్ళపాలే, ఎత్తైన ప్లింత్ మీద గ్రౌండు లెవెల్లో ఉండాలి, షాపు అద్దె చదరపు అడుగులు కొన్ని పోయినా సరే.

అలాగే మన తీరానికి ఇండియన్ స్టాండర్డు ప్రకారం డిజైన్ గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. పిల్లర్లకి ఆ లెక్క చూస్తారు, టెర్రసు మీద ఏసీ అవుట్‌డోర్ యూనిట్లకి, సోలారు ఫ్రేములకి, ప్లాస్టిక్ ట్యాంకులకి చూడరు. రెండు చిన్న బోల్టులతో గోడకి వేలాడే యూనిట్టు ఆ గాలికి ఎగిరి కింద రోడ్డు మీద పడుతుంది. సముద్రం దగ్గరైతే ఉప్పు గాలి ఇంకో పక్క, పూత లేని కండెన్సరు రెక్కలు పొడిపొడి అయిపోతాయి, కొనేటప్పుడే పూత ఉన్నది కొనాలి, నెలకోసారి మంచినీళ్ళతో కడగాలి.

సోలారు గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఈ అపోహ వల్ల చాలామంది నష్టపోతున్నారు. పైన ప్యానెళ్ళున్నాయి కదా, కరెంటు పోయినా పగలు ఢోకా లేదు అనుకుంటారు. మామూలు గ్రిడ్ టై ఇన్వర్టరు లైన్లో కరెంటు పోగానే తను కూడా ఆగిపోతుంది, లైనుమేన్ స్తంభం ఎక్కి పని చేసుకుంటుంటే మన మేడ మీది కరెంటు ఆయనకి కొట్టకూడదు కదా, అందుకే అలా తయారు చేస్తారు. తుఫాను తర్వాత ఎండ కాస్తున్నా ప్యానెళ్ళు ఊరికే పడుంటాయి. బ్యాటరీతో కలిసే హైబ్రిడ్ ఇన్వర్టరు, అత్యవసర లోడుకి విడి సర్క్యూటు ఉంటేనే ఆ ఎండ పనికొస్తుంది.

షాకు సంగతి. తడి చెయ్యి, తడి నేల, గీజరు, వీటి దగ్గర కరెంటు లీకవగానే సప్లై ఆపేసే 30 మిల్లీ యాంపుల ఆర్‌సిసిబి లేకుండా ఉండకూడదు, ఇది చాలామందికి తెలుసు. తెలియంది ఏంటంటే ఫ్లోరంతటికీ ఒకటే పెడితే ఒక రూములో గీజరు ఎలిమెంటు లీకయిన పాపానికి పద్నాలుగు రూములూ చీకటైపోతాయి, అర్ధరాత్రి ఎవరో విసిగి దాన్ని తీసి నేరుగా వైరు కలిపేస్తారు, అక్కడితో రక్షణ పోయింది. రెండు మూడు రూములకి ఒకటి, బాత్రూము సర్క్యూటు వేరు, మంచం దగ్గర లైటు వేరు, ఇలా విడగొడితే ఆ విసుగే రాదు.

న్యూట్రల్ ఇంకా మోసం చేస్తుంది. త్రీ ఫేజు, అంటే మూడు తీగల్లో కరెంటు వచ్చే బిల్డింగులో న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్ళే తీగ, ఎక్కడైనా తెగితే 230 వోల్టులు రావాల్సిన రూముకి 350, ఒక్కోసారి 400 దాకా వచ్చేస్తుంది, టీవీలు, ఫ్రిజ్జులు, ఆక్సిజన్ మెషిన్లు అన్నీ కలిసి కాలిపోతాయి. కింద షాపుల్లో వందల ఎల్‌ఇడి లైట్లు, కంప్యూటర్లు ఉంటే వాటి హార్మోనిక్ కరెంట్లు, అంటే అవి కరెంటుని సాఫీగా లాగకపోవడం వల్ల పుట్టే అదనపు అలలు, మూడు ఫేజుల్లోనూ ఒకదాన్నొకటి కొట్టేసుకోకుండా న్యూట్రల్లో వచ్చి చేరతాయి, సన్న న్యూట్రల్ వేసి ఉంటే వేడెక్కి జాయింటు దగ్గర కాలుతుంది. ఫేజు ఎంత మందమో న్యూట్రలూ అంతే మందం ఉండాలి, కిందకీ పైకీ వెళ్ళే న్యూట్రల్ లైన్లు మెయిన్ ప్యానెలు నుంచే విడివిడిగా రావాలి. ఒడిశాలో పిడుగులు ఎక్కువ కాబట్టి మెయిన్ ప్యానెల్లో సర్జ్ ప్రొటెక్షను కూడా తప్పదు, అది పనిచెయ్యాలంటే ఎర్తింగు బాగుండాలి. గోపాల్‌పూర్ వైపు ఇసుక, కొండ వైపు గులకరాతి నేల, రెండూ ఎండాకాలం తడి పట్టుకోవు, అందుకని ఎర్త్ టెస్టు ఏప్రిల్, మే నెలల్లో చెయ్యాలి, జులైలో చేసిన టెస్టు ఎవరిదైనా పాసవుతుంది.

చల్లదనం దగ్గరికొస్తే ఒకే మందు అన్ని ఊళ్ళకీ పనిచెయ్యదు. మహారాష్ట్ర బోర్డరులో చాందా, సిరొంచ వైపు ఉన్న తెలుగువాళ్ళకి తెలుసు, మే నెలలో అక్కడ ఎండ 45 దాటుతుంది గానీ గాలి పొడి, గడ్డి ప్యాడ్ల కూలరు పెడితే గాలి చల్లబడుతుంది, పెద్ద హాలుకి డక్ట్ కూలింగే చాలు, ఏసీ కన్నా చాలా తక్కువ కరెంటుతో. అదే కూలరు గోపాల్‌పూర్లో 34 డిగ్రీల ఉక్కలో పెడితే గాల్లో ఇప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి చల్లబరచదు, రూము ఇంకా జిడ్డుగా తయారవుతుంది. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తు, అక్కడ ఏసీ కన్నా వేడినీళ్ళు, కిటికీ సందుల్లోంచి వచ్చే చలిగాలి ముఖ్యం.

తీరంలో ఏసీ తప్పదు, అక్కడ జరిగే తప్పు టన్నేజీ ఎక్కువ పెట్టడం. 100 చదరపు అడుగులకి ఒక టన్ను అని షాపువాడు చెప్పిన లెక్కతో పెట్టేస్తే రూము అయిదు నిమిషాల్లో చల్లబడి కంప్రెసరు ఆగిపోతుంది, తేమ లాగడానికి టైము దొరకదు, చల్లగా చెమ్మగా ఉండి గోడలకి బూజు పడుతుంది, పెద్దోళ్ళకి కీళ్ళు పట్టేస్తాయి. పడమటి గోడ ఉందా, పై ఫ్లోరా, స్లాబ్ మీద తెల్ల కూల్ రూఫ్ పూత ఉందా, ఇవి చూసి రూము రూముకీ వేడి లెక్క కట్టాలి. నీడ, పూత సరిగ్గా ఉన్న రూముకి అర టన్ను తగ్గొచ్చు. వయసు మీద పడ్డాక చెమట తక్కువ పడుతుంది, దాహం తెలియదు, ఒళ్ళు వేడెక్కినా గుర్తుపట్టరు, మరోపక్క చల్లగాలి నేరుగా తగిలితే వణికిపోతారు. 2020 నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల మీద ఆన్ అవ్వాలని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ పెట్టింది, పెద్దోళ్ళ రూముకి 26, 27 పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పితే ఇంకా హాయి. గాలి మంచం మీదికి కాకుండా పక్కగా పోయేలా యూనిట్టు చోటు మంచం ఎక్కడ వేస్తారో తెలిశాకే పెట్టాలి. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదు, భజన హాల్లో 40 మంది గంటసేపు తలుపులు మూసుకుని కూర్చుంటే తలనొప్పి వస్తుంది, జలుబు ఒకరి నుంచి అందరికీ పాకుతుంది, అక్కడ తాజా గాలికి విడిగా ఫ్యానూ డక్టూ ఉండి తీరాలి.

ఫైరు గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. జాతీయ బిల్డింగ్ కోడ్ 2016లో షాపులది మర్కంటైల్ గ్రూపు, బ్యాంకు లాంటి ఆఫీసులది బిజినెస్ గ్రూపు, ముసలివాళ్ళ ఆశ్రమాలు సి గ్రూపులో, ఆస్పత్రుల పక్కన, అంటే తమంతట తాము పరిగెత్తలేనివాళ్ళ బిల్డింగులు అని. ఒకే బిల్డింగులో రెండూ కలిస్తే మధ్యలో మంటని గంటల తరబడి ఆపే గోడ, స్లాబ్, తలుపులు పెట్టాలి, లేదంటే కఠినమైన రూలే మొత్తానికీ వర్తిస్తుంది. ఇక్కడ అసలు ప్రమాదం గోడల్లో కాదు, షాఫ్టుల్లో ఉంది. కేబుళ్ళు, పైపులు కింద నుంచి పైదాకా పోయే ఆ సందు ప్రతి ఫ్లోరు దగ్గరా ఫైర్ సీలెంటుతో మూసెయ్యకపోతే అది పొగగొట్టమే. చీరల షాపులో రాత్రి షార్ట్ సర్క్యూటైతే గుడ్డ పొగ ఆ సందులోంచి నిమిషాల్లో పై ఫ్లోరు కారిడార్లోకి వస్తుంది. టిఫిన్ హోటలు ఎగ్జాస్టు డక్టు కూడా అంతే, లోపల నూనె జిగురు పేరుకుని అంటుకుంటుంది, దాన్ని రూముల పక్క షాఫ్టులోంచి కాకుండా బిల్డింగు బయటి గోడ మీదుగా పైకి తీసుకెళ్ళాలి, శుభ్రం చెయ్యడానికి అక్కడక్కడా తలుపులుండాలి.

మంట వస్తే మెట్లు దిగి పొండి అనే డ్రిల్లు వాకర్ పట్టుకుని నడిచేవాళ్ళకి పనికిరాదు. ఆస్పత్రుల్లో చేసినట్టు అదే ఫ్లోర్లో మంట లేని సగానికి మంచాలతో సహా తోసుకెళ్ళేలా ఫ్లోరుని రెండుగా విడగొట్టాలి, మధ్యలో పొగ ఆపే తలుపు, ఏ సగానికి ఆ సగానికి విడి ఎలక్ట్రికల్ సర్క్యూటు, విడి మెట్లు. అలారం మోత కూడా ఆలోచించాలి. వయసుతో ముందు పోయేది కీచు శబ్దాల వినికిడి, మామూలు స్మోక్ అలారం 3000 హెర్ట్జ్ పైన కీచుమంటుంది, వినికిడి మెషిను తీసి పక్కనపెట్టి పడుకున్న మనిషికి వినబడకపోవచ్చు. 520 హెర్ట్జ్ దగ్గర బొంగురుగా మోగే అలారాలు నిద్రలోంచి బాగా లేపుతాయి, పడకగదులకి అవే పెట్టాలి, పక్కనే మెరిసే లైటు కూడా.

లిఫ్టుకి వస్తే మామూలు ఆరుగురి లిఫ్టు లోపల 1100 మిల్లీమీటర్ల వెడల్పు, 1000 లోతు. స్ట్రెచరు ఆరున్నర అడుగులు. పట్టదు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి దించాలి, గుండెపోటులో ఉన్న మనిషిని అలా దించకూడదు. షాఫ్టు ఒకసారి కట్టేశాక పెద్దది చెయ్యలేరు, కాబట్టి ఇది మొదటి రోజు నిర్ణయం. కరెంటు పోతే దగ్గరి ఫ్లోరుకి తెచ్చి తలుపు తీసే ఏఆర్‌డి తప్పనిసరి.

రూములోపల పనులు చిన్నవి గానీ చవక, మర్చిపోతే మాత్రం గోడ పగలగొట్టాలి. స్విచ్చులు మూడు, మూడున్నర అడుగుల ఎత్తులో, ప్లగ్గులు వంగక్కర్లేకుండా అడుగున్నర పైన, మంచం మీంచే అందే ఒక స్విచ్చు, మంచం నుంచి బాత్రూము దాకా నేల దగ్గర పసుపు రంగు సన్న లైటు. అరవై దాటిన కంటి రెటీనాకి ఇరవై ఏళ్ళ కంటితో పోలిస్తే మూడో వంతు వెలుగే చేరుతుంది, అందుకని పేపరు చదివే చోట లైటు ఎక్కువ కావాలి, అలాగని కళ్ళల్లోకి కొట్టకూడదు. బాత్రూములో పిలుపు బెల్లు తాడు నేల దాకా వేలాడాలి, ఎందుకంటే సాయం కావాల్సింది అప్పటికే కింద పడిపోయిన మనిషికి.

చట్టం వైపు చూస్తే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 19వ సెక్షను జిల్లాకి కనీసం ఒకటి, 150 మంది నిరుపేద వృద్ధులకి సరిపడా ఆశ్రమం రాష్ట్రాలు పెట్టొచ్చని చెప్తుంది, 2019లో కేంద్ర గృహనిర్మాణ శాఖ రిటైర్మెంట్ హోములకి నమూనా మార్గదర్శకాలిచ్చింది. వీటితోపాటు బిల్డింగ్ కోడ్, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ అనుమతి, ఫైర్ ఎన్‌ఓసీ ఉంటాయి. ఇవన్నీ కాగితం కోసం కాకుండా పని కోసం చదవాలంటే ఎం అండ్ ఇ ఇంజినీరు ఆర్కిటెక్టుతో పాటు మొదటి మీటింగులోనే కూర్చోవాలి, సెంట్రింగుకి ముందే వైర్లు పోయే కాండూటు గొట్టాలు, షాఫ్టు, స్లాబ్‌లో పైపుల కోసం వదిలే స్లీవులు, వీటి డ్రాయింగు చేతికి రావాలి. ఆయన ఫీజు తర్వాత స్లాబ్‌కి డ్రిల్లు కొట్టే ఖర్చుతో పోలిస్తే తక్కువే.

బిల్డింగు అప్పగించే ముందు ఒక పరీక్ష చెయ్యాలి, నిజంగా రాత్రి 2 గంటలకి, జనం చేరకముందే. మెయిన్ స్విచ్చు ఆపేసి గడియారం పట్టుకుని నిలబడాలి. ఎన్ని సెకన్లకి జనరేటరు లోడు తీసుకుంది, ఏ రూము ఫ్యాను ఆగింది, లిఫ్టు ఎక్కడ ఆగి తలుపు తీసింది, మూడో ఫ్లోరు చివరి బాత్రూములో తాడు లాగితే ఎవరు ఎంతసేపటికి వచ్చారు, రాసుకోవాలి. తర్వాత నెలకోసారి జనరేటరుని ఊరికే కాకుండా లోడు మీద అరగంట నడపాలి.

ఆ రాత్రి ఇంకో సంగతి కూడా బయటపడుతుంది, ప్యానెలు తలుపు తీస్తే ఏ ఎంసిబి, అంటే బ్రేకరు, ఎవరిదో తెలియదు. ఈ ఊళ్ళలో లైనుమేన్ ఒడియా చదువుతాడు, నైటు డ్యూటీ అటెండరు ఇచ్ఛాపురం నుంచి వచ్చిన తెలుగు మనిషి కావచ్చు. ప్రతి బ్రేకరు కిందా రూము నంబరు, పైన ఒడియాలోనూ తెలుగులోనూ పేరు, సిరొంచ వైపైతే మరాఠీలోనూ తెలుగులోనూ, ఆక్సిజన్ ఉన్న సర్క్యూటుకి ఎర్ర చుక్క, ఆ పక్కనే బిల్డింగు మొత్తం వైరింగు డ్రాయింగు ప్లాస్టిక్ కవర్లో పెట్టి గోడకి వేలాడదీసి, దాని మీదికి ఒక బ్యాటరీ లైటు.